కదలని సైకిలుకు ఊపిరే కొలబద్ద

పక్కవారిని చూసి బిగువు పెంచితే మొదటికే మోసం

చాట్రాయి: మామిడి కోతల రోజుల్లో నూజివీడు చుట్టుపట్ల తోటల్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. చిక్కం కట్టిన గడతో కాయ దించేవారు కొందరు, దించిన కాయను గంపలకెత్తేవారు కొందరు, గంపను బండి దగ్గరకు చేర్చేవారు మరికొందరు. ఆ గుంపులో ఇరవయ్యేళ్ల కుర్రవాడూ ఉంటాడు, అరవయ్యేళ్ల పెద్దాయనా ఉంటాడు. ఇద్దరి నెత్తికీ ఒకే గంప ఎత్తరు. పెద్దాయన నీడన కూర్చుని కాయ ఏరి వేరు చేస్తాడు. కొత్తగా పనికి వచ్చినవాడికి మొదటి రోజే నిండు గంప అప్పగించరు. ఇది ఎవరూ కాగితం మీద రాసిన నియమం కాదు. పదిమందీ కలిసి చేసే పనిలో ఎవరి ఒంటికి తగిన బరువు వారికి ఉండాలన్నది తోట నేర్పిన ఇంగితం.

ఈ ఇంగితం అవసరమైన చోటు మరొకటి ఇప్పుడు నగరాల్లో వెలిసింది. అది వ్యాయామశాలల్లో గుంపుగా సైకిలు తొక్కే గది. ఊరి పిల్లలు చదువులకు, కొలువులకు విజయవాడ, హైదరాబాదు, బెంగుళూరు వెళుతున్నారు. కొందరు అమెరికా దాకా వెళ్లారు. పగలంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు కనుక ఒళ్లు కదిలించాలని వారిలో కొందరు ఈ తరగతుల్లో చేరుతున్నారు. పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు కూడా సరదాకు ఒకసారి ఎక్కి చూస్తున్నారు.

మరునాడు ఇంటికి వచ్చే ఫోను మాత్రం తరచు ఒకేలా ఉంటుంది.

"నాన్నా, సైకిలు క్లాసుకి వెళ్లానా, రెండు తొడలూ పట్టేశాయి. మెట్లు దిగలేకపోతున్నా."

"అదేంటమ్మా, ఇక్కడున్నప్పుడు రోజూ సైకిలు మీదేగా బడికెళ్లింది?"

తండ్రి అడిగిన ప్రశ్న సబబైనదే. సైకిలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. గంటకింత అని అద్దెకు తెచ్చుకుని సీటు అందకపోయినా అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకున్న తరం ఇంకా ఊళ్లలో ఉంది. అయినా కదలని సైకిలు వేరు, రోడ్డు మీద సైకిలు వేరు. ఆ తేడా తెలియకనే చాలామంది మొదటి రోజే దెబ్బ తింటున్నారు.

చక్రం తిరుగుతుంది, సైకిలు కదలదు

ఒక గదిలో పదీ ఇరవై సైకిళ్లు వరసగా నేలకు ఆనించి ఉంటాయి. వెనుక చక్రం ఉండదు. ముందు మాత్రం బరువైన ఇనుప చక్రం ఒకటి ఉంటుంది. కొన్నింటిలో అది 15 కిలోలకు పైగానే తూగుతుంది. హ్యాండిలుకు కిందుగా ఒక మర ఉంటుంది. దానిని కుడివైపు తిప్పితే చక్రం మీద బిగువు పెరిగి తొక్కడం బరువెక్కుతుంది, ఎడమవైపు తిప్పితే తేలిక అవుతుంది. ఎదురుగా మరో సైకిలు మీద శిక్షకుడు కూర్చుంటాడు. పాట గట్టిగా పెడతారు. దీపాలు తగ్గిస్తారు. "ఇప్పుడు కొండ ఎక్కుతున్నాం, బిగువు పెంచండి" అని శిక్షకుడు కేక వేస్తాడు. అందరూ మర తిప్పుతారు. ఇలా ముప్పావు గంట నుంచి గంట దాకా సాగుతుంది.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు జానీ గోల్డ్‌బర్గ్ అనే సైకిలు పందేల ఆటగాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. రోడ్డు మీద చేసే సాధనను ఇంట్లోనే చేసుకోవాలని 1980ల చివర కదలని సైకిలు ఒకటి తయారు చేసుకున్నాడు. 1990లలో దానికి 'స్పిన్నింగ్' అన్న పేరు స్థిరపడి దేశదేశాలకు పాకింది. అంటే పందేలకు సిద్ధమయ్యే మనిషి తన కోసం చేసుకున్న సాధన ఇది. దానిని మామూలు మనిషి తన శక్తికి తగ్గట్టు దించుకోవాలి. దించుకోవడానికే ఆ మర ఉంది.

డైనమో వేసిన సైకిలు లాంటిదే

రాత్రిపూట డైనమో వేసుకుని సైకిలు తొక్కినవారికి బిగువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. డైనమో టైరుకు తగిలించగానే అదే రోడ్డు, అదే సైకిలు, అయినా తొక్కుడు బరువెక్కుతుంది. వ్యాయామశాల సైకిలు మర చేసే పని కూడా అదే. కాకపోతే డైనమోకు ఒకటే బిగువు, ఈ మరకు తేలిక మొదలు కదలనంత గట్టి దాకా ఎన్నో మెట్లున్నాయి.

శ్రమను నిర్ణయించేవి రెండు. ఒకటి బిగువు, రెండు వేగం. మర ఎక్కడున్నది అక్కడే ఉంచి నిమిషానికి 60 చుట్లు తొక్కేవారు 90 చుట్లకు పెంచితే, బిగువు పెరగకపోయినా పని కనీసం ఒకటిన్నర రెట్లు అవుతుంది. బిగువూ పెంచి వేగమూ పెంచితే శ్రమ రెండు వైపులా పెరుగుతుంది. ఊపిరి అందనప్పుడు ఏదో ఒకటి తగ్గించాలన్న సంగతి ఇక్కడే తెలుస్తుంది.

చుట్లు లెక్కపెట్టడం తేలిక. కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ ఒకటి అనుకుంటూ 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించాలి. 20 వస్తే నిమిషానికి 80 చుట్లు. చదును బాట అన్నప్పుడు 80 నుంచి 110 లోపు, ఎగుడు బాట అన్నప్పుడు 60 నుంచి 80 లోపు ఉండాలని స్పిన్నింగ్ శిక్షణలో చెబుతారు. కొత్తవారు చదును బాటలో 80, 90 మధ్యనే ఉండటం మేలు. బిగువు మరీ వదులుగా పెట్టి గిరగిరా తిప్పితే ఒళ్లు సీటు మీద ఎగిరెగిరి పడుతుంది. బిగువు మరీ పెంచి 60 చుట్ల కంటె దిగిపోతే మోకాళ్ల మీద భారం పడుతుంది. రెండూ తప్పే.

ఇంకొక చిక్కు ఉంది. "ఒక చుట్టు పెంచండి" అని శిక్షకుడు చెప్పినప్పుడు ఆ ఒక చుట్టు అన్ని సైకిళ్లలోనూ ఒకటి కాదు. ఒకదాని మర అరిగి ఉండవచ్చు, ఇంకొకదానిది కొత్తది కావచ్చు. పక్క సైకిలు మీది మనిషికి ఒక చుట్టుతో వచ్చిన బరువు ఇక్కడ అర చుట్టుతోనే రావచ్చు. కాబట్టి మర తిప్పిన లెక్క కొలత కాదు. కొలత వేరే చోట ఉంది.

మాట వస్తున్నదా? పాట వస్తున్నదా?

ఆ కొలత ఊపిరి. దీనికి పరికరం అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. తొక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే, కాని పాట పాడలేకపోతే, అది మధ్యస్థమైన శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే అది గట్టి శ్రమ. మాటే రాకపోతే అది కొత్తవారు ఉండవలసిన చోటు కాదు, వెంటనే తగ్గాలి. హాయిగా పాట పాడగలిగితే ఇంకొంచెం పెంచుకోవచ్చు. వైద్యులు దీనిని 'మాట పరీక్ష' అంటారు.

నాట్ల వరసలో పాట పాడుతూ నాటే ఆడవారికి ఇది తెలిసిన సంగతే. పాట సాగినంతసేపు పని కూడా సాగుతుంది. పాట ఆగి అందరూ రొప్పుతున్నారంటే, గట్టు మీదకు చేరి కాసేపు ఊపిరి పీల్చుకునే వేళ అయినట్టే.

మనిషి తనకు తోచిన కష్టాన్ని అంకెల్లో చెప్పించే పద్ధతి కూడా ఉంది. స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960లలో దీనికి రూపమిచ్చాడు. మొదట ఆయన 6 నుంచి 20 దాకా కొలమానం పెట్టాడు. ఆరోగ్యవంతులైన పడుచువారిలో ఆ అంకెను పదితో హెచ్చిస్తే సుమారుగా గుండె కొట్టుకునే లెక్క వచ్చేలా దానిని అమర్చాడు. తరువాత సున్నా నుంచి 10 దాకా ఉండే తేలికైన కొలమానమూ వచ్చింది. ఇప్పుడు చాలా తరగతుల్లో ఇలాంటి పది మెట్ల లెక్కే వాడుతున్నారు.

ఆ పది మెట్లను తోట పనితో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. చెట్టు నీడన కూర్చుంటే సున్నా. తీరికగా తోట చుట్టి వస్తే రెండు. ఖాళీ గంప పట్టుకుని చురుగ్గా నడిస్తే మూడు నాలుగు. సగం గంపతో నడిస్తే అయిదు ఆరు. నిండు గంపతో గట్టు ఎక్కితే ఏడు ఎనిమిది. ఎద్దు తరుముకొస్తే పరుగెత్తడం తొమ్మిది పది. కొత్తగా తరగతిలో చేరినవారు మొదటి రెండు మూడు వారాలు మూడు, నాలుగు మెట్ల మీదనే ఉండాలి. శిక్షకుడు "ఎనిమిదికి రండి" అని అరిస్తే వారి ఎనిమిది వారిది. కొత్తవారు అప్పుడు అయిదు దగ్గర ఆగినా తప్పు పట్టవలసింది లేదు.

నాడి లెక్కలో మెలిక

గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో చూసి శ్రమను నిర్ణయించుకునే పద్ధతి మరొకటి. 220 నుంచి వయసు తీసివేస్తే గుండె అందుకోగల గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. 40 ఏళ్లవారికి అది నిమిషానికి 180. అందులో సగం నుంచి నూటికి 70 వంతుల దాకా, అంటే 90 నుంచి 126 దాకా మధ్యస్థమైన శ్రమ. 126 నుంచి 153 దాకా గట్టి శ్రమ. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లుంచి 15 సెకన్లు కొట్టుకున్న లెక్కను నాలుగుతో హెచ్చిస్తే నాడి తెలుస్తుంది. ఇప్పుడు చేతి గడియారాలే ఈ లెక్క చూపుతున్నాయి.

అయితే ఈ లెక్క అందరికీ అచ్చంగా సరిపోదు. ఒకే వయసువారిలో ఒకరికీ మరొకరికీ పది పన్నెండు అంకెల తేడా మామూలే. పెద్దవారి విషయంలో 220 లెక్క తక్కువ చూపుతున్నదని గమనించి 2001లో మరో సూత్రం ప్రతిపాదించారు. వయసును 0.7తో హెచ్చించి 208 నుంచి తీసివేయాలన్నది ఆ సూత్రం. 60 ఏళ్లవారికి పాత లెక్కన 160 వస్తే, కొత్త లెక్కన 166 వస్తుంది. రెండూ అంచనాలే.

అసలు మెలిక రక్తపోటు మాత్రల దగ్గర ఉంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. ఆ మాత్రలు వాడేవారికి ఎంత శ్రమ పడినా నాడి పెద్దగా పెరగదు. గడియారంలో అంకె తక్కువగా ఉంది కదా అని బిగువు పెంచుకుంటూ పోతే ఒంటికి మించిన భారమవుతుంది. అలాంటివారు గడియారాన్ని నమ్మకుండా ఊపిరినే నమ్ముకోవాలి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా మానరాదు.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ కాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు కాని తీసుకునేవారికి వ్యాయామంలో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వణుకు, చెమట, కళ్లు తిరగడం దాని గుర్తులు. జేబులో గ్లూకోజు పొట్లమో, చక్కెరో ఉంచుకోవడం క్షేమం. తరగతిలో చేరబోయే ముందు ఈ రెండు జబ్బులవారూ డాక్టరును అడగవలసి ఉంటుంది.

మొదటి రోజే ముప్పు

కొత్తవారు అతిగా తొక్కితే వచ్చేది ఒళ్లు నొప్పులతో పోయే బాధే అనుకుంటారు. చాలామందికి అంతే. కాని కొద్దిమందికి అది ప్రాణం మీదకు తెచ్చే అవస్థ అవుతుంది.

ఒంట్లో పెద్ద కండలు తొడల్లోనివే. సైకిలు తొక్కడంలో భారమంతా వాటి మీదే పడుతుంది. అలవాటు లేని కండను ఒక్కసారిగా గంటసేపు గుంజితే ఆ కండలోని కణాలు పగిలి లోపలి పదార్థం రక్తంలో కలుస్తుంది. అందులో మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. వైద్యులు దీనిని రాబ్డోమయోలిసిస్ అంటారు. మొదటిసారి సైకిలు తరగతికి వెళ్లి ఈ అవస్థతో ఆసుపత్రిలో చేరినవారి వివరాలను 2017లో అమెరికా వైద్యులు తమ వైద్య పత్రికలో ప్రచురించి హెచ్చరించారు. పడుచువారికి ఏమీ కాదనుకోవడానికి వీలు లేదు. వేరే ఆటల్లో ఆరితేరినవారైనా ఈ పనికి వారి తొడలు కొత్తే.

గుర్తులు ఇవి. తరగతి అయిన మరునాటి నుంచి మూడు రోజుల లోపు తొడలు భరించలేనంత నొప్పి పెట్టడం, వాచి రాయిలా గట్టిపడటం, కాలు లేవకపోవడం, మూత్రం టీ డికాక్షను రంగులో రావడం. మూత్రం రంగు మారిందంటే ఇంట్లో కాపడం పెట్టుకుంటూ కూర్చోరాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, ఏం చేసిన తరువాత ఇలా అయిందో డాక్టరుకు చెప్పాలి. రక్త పరీక్షలో సంగతి బయటపడుతుంది. వేళకు సెలైను ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు. ఈ లోపు మందుల దుకాణంలో డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కొని మింగడం ప్రమాదం. అవి అసలే దెబ్బ తింటున్న మూత్రపిండాల మీద మరింత భారం వేస్తాయి.

ఫోనులో "తొడలు పట్టేశాయి" అని బిడ్డ చెప్పినప్పుడు ఇంటివారు అడగవలసిన ప్రశ్న ఇదే: "మూత్రం ఏ రంగులో వస్తోంది?" మామూలు నొప్పికీ ప్రమాదానికీ తేడాను చాలావరకు ఆ ఒక్క ప్రశ్న పట్టి ఇస్తుంది.

గుండె మాటేమిటి?

కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న 46వ ఏట గుండెపోటుతో మరణించారు. ఆ వార్త తరువాత వ్యాయామశాల పేరు చెబితేనే తెలుగు నాట కూడా చాలా ఇళ్లలో పెద్దలకు గుబులు పట్టుకుంది. అయితే ఒక్క మరణాన్ని చూసి వ్యాయామాన్ని దోషిగా నిలబెట్టడం సబబు కాదు. ఏనాడూ ఒళ్లు వంచనివారు హఠాత్తుగా గట్టి శ్రమకు దిగితే ఆ కొద్దిసేపు గుండెపోటు ముప్పు బాగా పెరుగుతుందనీ, క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారిలో ఆ పెరుగుదల చాలా స్వల్పమనీ 1993లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అంటే ముప్పు సైకిలులో లేదు, హఠాత్తుగా దిగడంలో ఉంది.

ఛాతీ నొక్కినట్టు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమట పట్టినా, కళ్లు తిరిగినా తరగతి మధ్యలోనైనా సరే ఆపేయాలి. పదిమంది చూస్తున్నారన్న మొహమాటం అక్కడ పనికిరాదు. 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సుకు వెంటనే ఫోను చేయాలి.

మూసిన గది, ఎండ కాలం

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంవారికి వేడిమి చేసే చేటు తెలుసు. కోత పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా నీడకు చేరేది అందుకే. రోడ్డు మీద సైకిలు తొక్కేవారికి ఎదురుగాలి తగిలి చెమట ఆరుతుంది. కదలని సైకిలుకు ఆ గాలి లేదు. మూసిన గదిలో ఇరవై మంది ఒంటి వేడి, చెమట తేమ కలిస్తే అదే బిగువు, అదే వేగం ఉన్నా గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. గదిలో పంకాలో ఏసీయో సరిగా లేకపోతే బిగువు మామూలు కంటె తగ్గించుకోవాలి. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చల్లని దేశం నుంచి వేసవి సెలవులకు వచ్చినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మధ్య మధ్య మంచినీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగాలి. తరగతి అయ్యాక పల్చని మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి తాగే ఇంటి అలవాటు మంచిదే. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు లేకుండానే తాగాలి.

తరగతి ఎలా సాగాలి?

ఎక్కే ముందు సీటు సరిచేయాలి. సైకిలు పక్కన నిలబడితే సీటు నడుము కింది తుంటి ఎముక ఎత్తున ఉండాలి. ఎక్కి తొక్కినప్పుడు పెడలు అట్టడుగుకు వెళితే మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. పూర్తిగా చాచుకుపోతే సీటు ఎక్కువ ఎత్తు, బాగా వంగి ఉంటే తక్కువ ఎత్తు. నడుము నొప్పి ఉన్నవారు హ్యాండిలును సీటు కంటె కొంచెం పైకి పెట్టించుకోవాలి. చున్నీ, చీర కొంగు, లుంగీ అంచు చక్రానికి తగలకుండా చూసుకోవాలి.

మొదటి అయిదు పది నిమిషాలు తేలిక బిగువుతో ఒళ్లు వేడెక్కించాలి. తరువాత కొంతసేపు గట్టిగా, కొంతసేపు తేలికగా మార్చి మార్చి తొక్కాలి. గట్టిగా తొక్కిన తరువాత ఊపిరి కుదుటపడక ముందే మళ్లీ గట్టిగా తొక్కమంటే కొత్తవారు తొక్కనక్కరలేదు, తేలికగా కొనసాగించాలి. నిలబడి తొక్కడం మొదటి కొన్ని తరగతుల్లో మానుకోవాలి. చివర అయిదు నిమిషాలు బిగువు తగ్గించి నెమ్మదిగా తొక్కాకే దిగాలి. ఒక్కసారిగా ఆపి దిగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి.

ఇంకొక జాగ్రత్త. ఈ సైకిళ్లలో చాలావాటికి ఫ్రీవీలు ఉండదు. ఊళ్లో సైకిలు మాదిరిగా తొక్కడం ఆపి కాళ్లు ఊరికే ఉంచుదామంటే కుదరదు. బరువు చక్రం తిరుగుతున్నంతసేపు పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. కాలు జారితే పెడలు పిక్కకు తగులుతుంది. వేగం మెల్లగా తగ్గించుకోవాలి. అత్యవసరమైతే బిగువు మరను కిందికి నొక్కితే చాలా రకాల్లో అదే బ్రేకులా పని చేస్తుంది. ఎక్కగానే ఆ సంగతి శిక్షకుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మొదటి రోజు సగం తరగతి తొక్కి దిగిపోయినా నామోషీ లేదు. మొదటి నెల వారానికి రెండుసార్లు చాలు. మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి ఉండాలి. వ్యవధి కొంత పెరిగాకే బిగువు పెంచాలి, రెండూ ఒకే వారంలో పెంచరాదు. కొత్తవారు ఎవరో ముందే అడిగి తెలుసుకుని, వారిని తన కంటికి కనిపించే చోట కూర్చోబెట్టి, "మీరు తగ్గించుకోవచ్చు" అని అందరి ముందూ చెప్పే శిక్షకుడే మంచి శిక్షకుడు.

ఇంటి దగ్గర ఏం చేయాలి?

పాత సైకిలుకు స్టాండు వేసి ఇంట్లోనే తొక్కితే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. స్టాండు మీద వెనుక చక్రం గాలిలో తిరుగుతుంది, దానికి ఎదురు బిగువు లేదు. ఎంతసేపు తొక్కినా కాలు తిరగడమే తప్ప కండకు పని తక్కువ. దానికంటె అదే సైకిలు మీద పొద్దున్నే చల్లని వేళ రోడ్డున పక్క ఊరి దాకా వెళ్లిరావడం ఎంతో మేలు. ఎగుడు వచ్చినప్పుడు దిగి నడిపించుకుంటూ వెళ్లడం కూడా శ్రమను సరిచేసుకోవడమే. క్యారియరు మీద కాయల బస్తా వేసుకుని ఏళ్ల తరబడి తిరిగినవారు గట్టు రాగానే దిగి తోసుకుపోయారు. గేర్లు లేని సైకిలుకు దిగడమే గేరు.

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చురుకైన నడకో, సైకిలో సాగితే 150 నిమిషాలు నిండుతాయి. పగలంతా తోటలో, పొలంలో ఒళ్లు వంచేవారికి ఇంతకు మించిన శ్రమే ఉంటుంది. వారికి కావలసింది వ్యాయామం కంటె విశ్రాంతి, నీళ్లు. కొట్లో కూర్చునేవారు, పక్క వీధికి కూడా మోటారు సైకిలు తీసేవారు మాత్రం ఈ లెక్క చూసుకోవాలి.

ఎవరి గంప వారిది

గుంపులో తొక్కడం వల్ల మేలు లేకపోలేదు. ఒంటరిగా అయితే పది నిమిషాలకే విసుగు పుట్టే పని, పదిమందితో పాట వింటూ చేస్తే గంట ఇట్టే గడుస్తుంది. క్రమం తప్పకుండా వెళ్లడానికి స్నేహాలు తోడవుతాయి. ఆ గుంపే చేటు కూడా చేయగలదు. పాట జోరు, పక్కవారి వేగం, శిక్షకుడి కేక కలిసి మనిషిని తన ఊపిరి తాను విననీయవు. గదిలో ఇరవై మంది ఉన్నా మర మాత్రం ఎవరి చేతి కింద వారిది. దానిని తగ్గించుకోవడం ఓటమి కాదు.

కోతల రోజు ఎవరెన్ని గంపలు మోశారన్న దానికంటె సాయంత్రానికి కాయంతా బండికెక్కి అందరూ క్షేమంగా ఇల్లు చేరారా అన్నదే తోటలో ముఖ్యం. మరునాడు కూడా ఆ మనుషులే పనికి రావాలి. ఊరి నుంచి వెళ్లిన పిల్లలు నగరంలో సైకిలు ఎక్కే ముందు తలచుకోవలసింది దీనినే. ఈసారి ఫోనులో "రేపు మొదటిసారి క్లాసుకి వెళ్తున్నా నాన్నా" అన్న మాట వినిపిస్తే ఇంటివారు చెప్పవలసిన జవాబు కూడా తోటలోదే: "మొదటి రోజే నిండు గంప ఎత్తుకోకమ్మా."